తరువాతి సంచికలో సవరణ

మూడేళ్ళ కిందటి వానాకాలం, మక్క కంకులు పాలు పోసుకునే రోజుల్లో నన్ను పాల్వంచ డ్యూటీకి పంపారు. హోదా ఆర్.ఎఫ్. ఆప్టిమైజేషన్ ఇంజనీరు. టవర్లు నిలబెట్టడం మా పని కాదు. నిలబెట్టిన టవరు ఫోన్ల మాట సరిగ్గా వింటోందో లేదో కొలిచి, వినకపోతే కారణం వెతకడం మా పని. నాది రిటైరయ్యే వయసు కాదు, ముప్పై దాటి మూడేళ్ళే. ఆ ఉద్యోగమే రిటైరైంది. ఇప్పుడు ఆ కొలతలు చాలావరకు ఆఫీసులోని సాఫ్ట్‌వేరే తీసుకుంటోంది. అందుకని జ్ఞాపకంగానే రాస్తున్నాను.

ఫిర్యాదును మా వాడుకలో టికెట్ అంటారు. నాకు ఇచ్చిన టికెట్ భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఇప్పలగుంపు టవరుది. ఫోన్ నుంచి టవరుకు పోయే దారిని అప్‌లింక్ అంటాం. ఫోన్ గొంతు చాలా చిన్నది. టవరు పక్కన ఇంకేదైనా రేడియో చప్పుడు, అంటే నాయిస్, ఉంటే ఆ గొంతు అందులో మునిగిపోతుంది. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. ఇప్పలగుంపులో నాలుగైదు రోజులుగా అదే జరుగుతోంది. ఆ చుట్టుపక్కల గుంపులన్నిటికీ, అంటే కోయ పల్లెలన్నిటికీ, అదొక్కటే టవరు.

ఇలాంటి నాయిస్‌కు కారణాలు నేను ఎప్పుడూ ఒకే వరుసలో చూసేవాణ్ణి. మొదట మా సొంత పరికరం. తరువాత జనం కొనుక్కుని ఇంటి మీద పెట్టుకునే దొంగ బూస్టర్లు. ఆ తరువాత కరెంటు స్తంభాల మీద పగిలిన పింగాణీ గిన్నెలు, వాటి దగ్గర లేచే నిప్పురవ్వలు. మొదటి రోజు మధ్యాహ్నం టవరు కింద కొలతలు తీశాను. మా పరికరం బాగానే ఉంది. దిశ చూపే యాంటెన్నాను చుట్టూ తిప్పితే చప్పుడు దిగువన ఉన్న చేల వైపు నుంచి వస్తోందని తేలింది. వెంట ఎప్పుడూ ఉంచుకునే చిన్న ట్రాన్సిస్టర్‌ను, స్టేషన్లు లేని చోట ముల్లు పెట్టి, చెవి దగ్గర పట్టుకున్నాను. నిప్పురవ్వ ఎక్కడ లేచినా అది పట్టిస్తుంది. ఆగకుండా చిటపటలు, పోపులో ఆవాలు వేసినట్టు. కరెంటు లైనే అయి ఉంటుందని రాసుకున్నాను. ఇంతలో వాన పట్టుకుంది. మధ్యలో వాగు ఉంది, అది పొంగితే దాటలేం. వెనక్కి వచ్చేశాను.

పాల్వంచలో ఉన్నన్నాళ్ళూ సాయంత్రాలు మస్తాన్ చాచా షాపులో గడిచేవి. బస్టాండు వెనక గల్లీలో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు. చాచాకు అరవై దాటాయి. షిఫ్టు దిగి వచ్చే కార్మికుల మిక్సీలు, ఫ్యాన్లు ఇప్పుడు ఆయన జీవనం. అసలు ప్రాణం మాత్రం పాత ఎలక్ట్రానిక్స్ మాసపత్రికలు. ముప్పై, నలభై ఏళ్ళ నాటివి. ఖమ్మంలో పాత పేపర్ల కొట్లు తిరిగి కిలోల లెక్కన కొన్నవి. అందువల్ల వరుసగా ఉండవు. జనవరి ఉంటే ఫిబ్రవరి దొరకదు. వాటి మధ్య కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టుకునేవాడు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం. ప్రతి వారం నా ఫోన్‌కు వచ్చే రేడియో ఇంజనీరింగ్ వార్తలు నేను తెలుగులో చదివి చెప్పాలి. బదులుగా ఒక పాత సంచిక నా చేతికి ఇస్తాడు, అక్కడే కూర్చుని చదవాలి. ఆ సాయంత్రం ఉపగ్రహాలు మామూలు ఫోన్లతో నేరుగా మాట్లాడబోతున్నాయన్న వార్త చెప్పాను.

"ఆకాశంల ఉన్నదానితోని మాట్లాడుతరు గానీ, ఇంజనీర్ సాబ్, వాగు అవతల మనిషితోని మాట్లాడనీకి మీకు చేతనైతలేదు" అన్నాడు చాచా.

ఇప్పలగుంపు పేరు వినగానే ఆయన ముఖం వెలిగింది. ఆ ఊళ్ళో కన్నయ్య అనే రైతు మక్క చేనుకు కంచె పెట్టె పోయిన వారమే తానే కట్టిచ్చానని చెప్పి, పాత సంచికలో ఆ సర్క్యూట్ ఉన్న పేజీ తెరిచి చూపించాడు. కరెంటు లైను నుంచి నేరుగా కంచెకు తీగ లాగడం నేరం, మనుషులు చస్తారు. ఇది అలాంటిది కాదు. బ్యాటరీతో, బండి కాయిల్‌తో నడిచే పెట్టె. గడియారంలా ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. ఆ ఆగడంలోనే ప్రాణం ఉంది. ఆ సందులో పట్టు వదులై జంతువు వెనక్కి దూకుతుంది. పగలు కోతులకు, రాత్రి పందులకు అదే కాపలా.

నా నాయిస్ ఆ కంచెదేనేమో అన్నాను. చాచాకు కోపం వచ్చింది.

"నువ్వు చిటపటలంటున్నవ్. నా డబ్బా టిక్కు అంటది, ఆగుతది. మళ్ల టిక్కంటది. ఈ బల్ల మీద దినమంత నడిపించి చూసిన. నా పనిల గట్ల ఉండదు బేటా."

వాదన సబబుగానే తోచింది. లయ కుదరలేదు కాబట్టి కంచెను నా జాబితాలోంచి కొట్టేశాను.

మర్నాడు పొద్దున వాన తెరిపి ఇచ్చేదాకా షాపులోనే కూర్చున్నాను. చాచా కొత్తగా తెచ్చిన కట్ట ఒకటి విప్పకుండా ఉంది. ఊరికే తిరగేస్తుంటే కంచె సర్క్యూట్ వచ్చిన సంచికకు తరువాతి నెలది కనిపించింది. ఆ పత్రికల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఒక నెల అచ్చుతప్పును మరుసటి నెల, పాఠకుల ఉత్తరాల పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో దిద్దేవారు. ఆ మూలలో కంచె గురించి మూడు వాక్యాలున్నాయి. గత నెల బొమ్మలో, దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లెక్కపెట్టే టైమరు పక్కన ఉండాల్సిన ఒక చిన్న కెపాసిటర్ జారిపోయింది. తీగ పొట్టిగా ఉంటే తేడా తెలియదు. చేను చుట్టూ తిరిగేంత పొడవైతే, కొట్టిన దెబ్బే వెనక్కి తగిలి టైమరును రేపుతుంది, పెట్టె ఆగకుండా కొడుతుంది.

రెండుసార్లు చదివి చాచాకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. తరువాత బల్ల వైపు చూశాడు. ఆ బల్ల మీద తీగ పొడవు మూర కూడా ఉండదు.

"ఆగకపోతే చెయ్యి రాదు" అన్నాడు. "పట్టుకున్నోడు పట్టుకున్నట్టే ఉంటడు."

నేను విన్న చిటపటలు అవే. తడిసిన మక్క ఆకులు తీగకు తగిలిన చోట లేచే రవ్వలు. చాచా కన్నయ్యకు ఫోన్ చేశాడు. కవరేజ్ ఏరియాలో లేడని జవాబు. మళ్ళీ చేశాడు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ఆశా వర్కర్‌కు నేను చేశాను. అదే జవాబు. అప్పుడు అర్థమైంది. కంచె టవరు చెవులు మూసేసింది. ఆ కంచెను ఆపమని చెప్పడానికి ఉన్నది ఆ టవరొక్కటే.

షట్టర్ సగం దించి చాచా నా కారెక్కాడు. ట్రాన్సిస్టర్ ఆయన ఒళ్ళో పెట్టాను. భద్రాచలం రోడ్డు వదిలి అడవి దారి పట్టాం. కొంత దూరం పోయాక చాచా, "ఆళ్ల మేకలు చేను గట్టున్నే మేస్తయి" అన్నాడు.

వాగు దగ్గర కారు ఆపాల్సి వచ్చింది. కల్వర్టు మీద నుంచి ఎర్రనీళ్ళు పోతున్నాయి. అవతల గట్టెక్కితే ఊరే. చాచా ట్రాన్సిస్టర్ పెంచాడు. చిటపటలు బాగా వినిపించాయి. చిత్రంగా, ఆ చప్పుడు మాకు ధైర్యాన్నిచ్చింది. రవ్వ లేవాలంటే తీగకూ ఆకుకూ మధ్య కొంచెం సందుండాలి. చిటపట వినిపిస్తున్నంతసేపూ తీగ మీద ఎవరూ పడలేదని లెక్క. చాచా ఐదు నిమిషాలకోసారి కన్నయ్య నంబరు నొక్కుతున్నాడు. నేను కల్వర్టు పక్కన ఒక రాయిని గుర్తు పెట్టుకుని నీళ్ళు తగ్గుతున్నాయా అని చూస్తున్నాను.

చిటపటలు ఆగిపోయాయి.

చాచా ముల్లు అటూ ఇటూ తిప్పాడు. ఏమీ లేదు. అప్పుడే నా ఫోన్‌కు వరుసగా మెసేజీలు వచ్చాయి. చివరిది ఆఫీసులో గ్రాఫులు చూసే మా సీనియర్ పంపింది: ఇప్పలగుంపు నాయిస్ పోయింది, మంచి పని, టికెట్ మూసేయమంటావా?

ఆ నాలుగు ముక్కలు చదివినప్పుడు కలిగినంత భయం నాకు ఆ ఉద్యోగంలో ఇంకెప్పుడూ కలగలేదు.

"ఎందుకు ఆగింది?" అన్నాడు చాచా.

అలవాటు కొద్దీ వరుసగా చెప్పాను. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. ఎవరైనా ఆపి ఉండొచ్చు. తగిలిన ఆకు కాలిపోయి ఉండొచ్చు.

"ఇంకోటి ఉన్నది. అది చెప్తలేవు."

చెప్పలేదు. ఒళ్ళు తీగకు గట్టిగా ఆనితే సందుండదు. సందు లేకపోతే రవ్వ లేవదు. దెబ్బ మాత్రం పోతూనే ఉంటుంది.

చాచా మళ్ళీ నంబరు నొక్కాడు. ఈసారి మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. కట్ అయితే మళ్ళీ చేశాడు. ఫోన్ చెవికి పెట్టుకునే కారు దిగి నీళ్ళలోకి నడిచాడు. వాగులో నీళ్ళున్నప్పుడు దిగకూడదన్నది మా ఫీల్డు నిబంధనల్లో మొదటిది. వెనకే వెళ్ళి ఆయన మోచేయి పట్టుకున్నాను. మోకాళ్ళ దాకా వచ్చాయి. దాటాం.

చేను గట్టెక్కేసరికి ముందు మేక కనిపించింది. తీగ కింద పక్కకు పడి ఉంది, కదలడం లేదు. దాని పక్కన కన్నయ్య కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన భార్య నాగమ్మ బ్యాటరీ దగ్గర నిలబడి ఉంది. బ్యాటరీ నుంచి పీకిన క్లిప్పు ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. మంచె గుంజకు తగిలించిన కన్నయ్య చొక్కా జేబులో ఫోన్ మోగుతోంది. చాచా తన చేతిలోని ఫోన్ కట్ చేయడం మరిచిపోయాడు.

నాగమ్మ కోయ భాషలో భర్తతో ఏదో అని, చాచా వైపు తిరిగింది.

"పందులకు పెట్టమంటే మాకు పెట్టినవేంది భాయ్?"

చాచా వెళ్ళి కన్నయ్య పక్కన కూర్చుని అరచెయ్యి తిప్పి చూశాడు. అడ్డంగా నల్లటి చార ఉంది.

జరిగింది తరువాత విడివిడిగా విన్నాం. మేక ఆకు కోసం మెడ చాచి తీగ మీద ఒరిగిపోయింది. కన్నయ్య దాని కాలు పట్టి లాగబోయాడు. మరో చెయ్యి తీగకు ఆనింది, ఇక రాలేదు. అరవడానికి నోరూ రాలేదు. "ఫోన్ మోగుతాంటే ఇనవడ్తనే ఉన్నది. లేపుదామంటే ఆ చెయ్యి నాది గాదు" అన్నాడు. నాగమ్మ చేను అవతలి మూల కోతులను తోలుతోంది. ఎన్నాళ్ళకో ఫోన్ మోగితే వినిపించింది. "అంతసేపు మోగినా లేపడేందని నాలుగు తిడుదామని వచ్చిన" అంది. వచ్చి చూసి, మనిషిని ముట్టుకోకుండా క్లిప్పు పీకింది.

మనిషిని ఎందుకు ముట్టుకోలేదని అడిగాను. "మేకను ముట్టుకున్నోడు గట్ల అయిండు గద. కండ్లు లేవా నాకు?" అంది.

వాగు ఇంకొంచెం తగ్గాక కన్నయ్యను నడిపించి, కారులో దవాఖానాకు తీసుకుపోయాం. గుండె పరీక్షలు చేసి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు. చెయ్యి మానడానికి నెల పట్టింది. చాచా పెట్టె తెచ్చేసుకున్నాడు. జారిపోయిన కెపాసిటర్ వేసి మళ్ళీ పెడతానని ఆ తరువాత కబురు పంపితే, నాగమ్మ ఆ డబ్బాను షాపుకే కట్టుకోమని జవాబు పంపింది. ఆ ఏడు మక్కలో కొంత పందులు తిన్నాయి. మిగిలింది ఇంటికి వచ్చింది.

చాచా పత్రికలు పారేయలేదు. ఆ వర్షాకాలమంతా బీరువా ముందు కూర్చుని, ఏ సంచికకు తరువాతిది తన దగ్గర లేదో దానిని పక్కకు తీసి, అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో అడ్డగీత కొట్టాడు. చదవొచ్చు, కట్టకూడదు అని దాని అర్థం. బీరువాలో సగానికి పైగా ఎర్రగీతలయ్యాయి. నేను చదివే రేడియో వార్తలకూ అదే పద్ధతి పెట్టాడు. కొత్త వార్త చెప్పబోతే, "ముందు పోయిన వారం దాంట్ల తప్పులేమన్న దిద్దిండ్రా?" అని అడిగేవాడు.

ఆ రోజు దవాఖానా వరండాలో ఉండగా సీనియర్ మళ్ళీ అడిగాడు, టికెట్ మూయలేదేమని. నాయిస్ పోయిందని గ్రాఫు చెబుతోంది కదా అన్నాడు. గ్రాఫు చెప్పింది నిజమే. కన్నయ్య చెయ్యి తీగకు ఆని ఉన్నంతసేపూ కూడా ఆ గ్రాఫు బాగానే ఉంది. సాయంత్రం దాకా ఆగమన్నాను.

ఆ ఉద్యోగంలో ఇంకా రెండు వానాకాలాలు పనిచేశాను. నాయిస్ దానంతట అది తగ్గిన ప్రతిసారీ, అక్కడికి పోయి, అది ఎందుకు తగ్గిందో చూసి వచ్చాకే టికెట్ మూశాను.