నోటికి అడ్డం పెట్టిన చెంగు

చాలాకాలం నాకు అక్షరాలు రావు. నలభై ఆరో ఏట, మా ఊళ్ళో ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టినప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఉత్తరాలు రాశాను, పెళ్ళికి పిలవాల్సినవాళ్ళ పేర్లు రాశాను. ఇది మాత్రం రాయలేదు. మా అమ్మాయికి చదవడం వచ్చు. కాగితం దాని కంటపడుతుందని భయం. ఇప్పుడు రాస్తున్నది అది చదవాలనే.

తొలికాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి కదా. ఏడో నెలలో అమ్మాయిని తీసుకొచ్చుకున్నాను. మంత్రసాని వద్దు, ఆసుపత్రిలోనే పురుడు పోయించమని అల్లుడు మరీ మరీ చెప్పాడు. నెలలు నిండాక ఒకరోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. గోదావరి పాయను పంటు మీద దాటి, బస్సెక్కి, పట్నంలో ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

కాన్పుల గదిలో మూడు బల్లలు, ఆరుగురు ఆడవాళ్ళు. మా అమ్మాయికి బల్ల దొరకలేదు. గోడవార నేల మీద రబ్బరు షీటు పరిచారు. ఎవరు అరిచినా నర్సు వచ్చి తొడ మీద ఫెడీమని కొట్టేది.

"ఇప్పుడు అమ్మా అమ్మా అంటే ఏం లాభం? మొగుడి పక్కలో ఉన్నప్పుడు గుర్తురాలేదా అమ్మ?" అంది పక్క బల్ల మీది పిల్లతో.

ఆయా నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ళతో కలిసి నవ్వితే మా పిల్లను కాస్త దయగా చూస్తారనుకున్నాను.

తోడొచ్చిన తల్లులను లోపలికి రానిచ్చేది ఒక్క పనికే.

"ఏమ్మా, పెద్దదానివి, దాని నోరు మూయించు. ఇంకోసారి అరిచిందంటే ఇద్దరూ వరండాలో కూర్చుందురుగాని," అంది నర్సు నాతో.

"అలాగేనండి," అన్నాను.

పమిట చెంగు ఉండచుట్టి దాని నోటికి అడ్డం పెట్టి చేత్తో అదిమాను. కొంతసేపటికి అది నా చెయ్యి లాగేసింది.

"అమ్మా, కిందనుంచి ఏదో జారిందే. తాడులా తగులుతోంది. సిస్టరు గారిని పిలవ్వే."

"ఇందాకేగా చూసెళ్ళారు. ఊరుకో తల్లీ, మళ్ళీ పిలిస్తే తిడతారు."

చెంగు మళ్ళీ పెట్టాను. చీర తొలగించి చూడనైనా లేదు. అది నా అరచెయ్యి కొరికింది. నొప్పికి కొరికిందనుకున్నాను.

నర్సు వచ్చి చూసేసరికి బిడ్డకంటే ముందు బొడ్డుతాడు బయటికొచ్చి ఉంది. అప్పుడు అందరూ పరిగెత్తారు. ఆడపిల్ల. ఏడవలేదు.

"ఇంతసేపూ పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావమ్మా? చెప్పొద్దా?" అంది నర్సు.

మీరేగా నోరు మూయించమన్నారు అని నేను అనలేదు. తల వంచుకుని, "తెలియలేదండి," అన్నాను.

బిడ్డను పాత గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. ఒక్కసారి తల్లికి చూపిస్తానంటే ఆయా అడ్డొచ్చింది.

"చూస్తే పాలు పొంగుతాయి, బాధపడుద్ది. తీసుకెళ్ళిపోండి."

సాయంత్రానికి అల్లుడు వచ్చి బిడ్డను తీసుకెళ్ళాడు. మా అమ్మాయి ఆ పిల్ల ముఖం చూడలేదు.

మర్నాడు పొద్దున ఆ నర్సే మంచాల దగ్గరికి వచ్చింది. అమ్మాయి కుట్లు ఆవిడే చూడాలి. నేను లేచి రెండు చేతులూ జోడించాను.

"మీ చలవ వల్ల పెద్దప్రాణం దక్కిందండి," అన్నాను.

"సరే సరే, పక్కకి జరుగు," అంది ఆవిడ.

అమ్మాయి గోడవైపు ముఖం తిప్పుకుంది. మందు రాసేటప్పుడు కదలకుండా నేను దాని కాళ్ళు గట్టిగా పట్టుకున్నాను.