గట్టుకు ఈదిన మా ఆయన: శ్రీలంకలో మా తెరచాప పడవ పరీక్ష

ఇదంతా అవుకు రిజర్వాయరులో నేనడిగిన ఒక ప్రశ్నతో మొదలైంది. మాది ఆళ్లగడ్డ. మా ఆయన మద్దిలేటికి కరెంటు సామాన్ల అంగడి ఉంది, నేను నంద్యాలలో ఒక బడిలో సైన్సు టీచరును. ఒక ఆదివారం అవుకులో మోటారు పడవ ఎక్కినప్పుడు, ఇంజన్ లేని కాలంలో తెరచాప పడవలు గాలికి ఎదురుగా ఎలా వెళ్లేవని పడవ నడిపే అన్నను అడిగాను. "గాలికెదురు యాడ పోతాదమ్మా? గాలి తిరిగేదాకా కూసోనుంటారు" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే కొలంబోకు దక్షిణాన ఒక సరస్సు ఒడ్డున ఉన్న క్లబ్బు కనిపించింది. ఐదు రోజులు నేర్పి, చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అది చేతిలో ఉంటే పక్కన గురువు లేకుండా మనమే పడవ అద్దెకు తీసుకుని తిరగొచ్చు. నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంటుంది, నీళ్లంటే భయం లేకపోతే చాలన్నారు. ఉన్న భయం సంగతి నేను చెప్పలేదు.

వేసవి సెలవుల్లో బయలుదేరాం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో గంట, అక్కడి నుంచి రాత్రి బస్సులో బెంగళూరు, ఆపైన కొలంబోకు గంటన్నర విమానం. ఆన్‌లైన్‌లో ముందే అనుమతి తీసుకున్నాం కాబట్టి అక్కడ దిగాక పెద్దగా ఆగలేదు. ఇద్దరికీ కలిపి క్లబ్బు ఫీజు ఒక మంచి ఫ్రిజ్ ఖరీదంత అయింది. నంద్యాలలో ఆటో అతను మా సంచులు చూసి ఎక్కడికని అడిగితే, పడవ నేర్చుకోవడానికన్నాను. "మన కుందూ ఏట్లో మోకాటి లోతు నీళ్లు గూడా లేవు. యాడ నడపాలని నేర్సుకుంటాండావమ్మా?" అన్నాడు. ఆ మాటకు మా ఆయన బస్సెక్కాక కూడా నవ్వుతూనే ఉన్నాడు.

మా గురువు రువన్ కుర్రవాడే కానీ ఓపికున్నవాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా మొహాలు చూసి, మాకు కాస్తో కూస్తో తెలిసిన తమిళంలోకి దిగేవాడు. నా ప్రశ్నకు రెండో రోజే జవాబు దొరికింది. గాలికి సూటిగా ఎదురు వెళ్లలేం, నిజమే. కొంత దూరం ఎడమకు, కొంత దూరం కుడికి ఏటవాలుగా పోతూ ఉంటే, నల్లమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతూ కొండెక్కినట్టు, గాలి వచ్చే వైపుకే చేరతాం. చుక్కాని నా చేతిలో ఉండగా పడవ అలా ఎదురెక్కుతుంటే నాకు చిన్నపిల్లలా కేరింతలు కొట్టాలనిపించింది.

ఐదో రోజు పొద్దున పరీక్ష. అప్పటిదాకా ఒక్కసారీ చేయని పని అది: పడవను కావాలనే బోల్తా కొట్టించి, ఇద్దరం కలిసి లేపాలి. ఒకరు పడవ అడుగున పొడుచుకొచ్చే పలక మీద నిలబడి తాడు లాగాలి, ఇంకొకరు తెరచాప పక్కన నీళ్లలోనే పడవను పట్టుకుని ఉండాలి. ఏం జరిగినా పడవను వదలకూడదు, అదొక్కటే నియమమని రువన్ పదిసార్లు చెప్పాడు. మా ఆయన తలూపాడు. పడవ తిరగబడింది. నేను ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గుతూ, దొరికిన తాడును బల్లిలా కరుచుకున్నాను. కళ్లు తెరిచి చూస్తే మా ఆయన బారలు వేసుకుంటూ ఒడ్డు వైపు పోతున్నాడు!

"యో! యాడికి పోతాండావ్? పడవ ఈడుండాది, నేనీడుండా!" అని అరిచాను. ఒడ్డు చేరి, గట్టు పట్టుకున్నాక గానీ ఆయన వెనక్కి తిరగలేదు.

రువన్ మమ్మల్ని ఫెయిల్ చేశాడు. మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం, మర్నాడే మా విమానం. క్లబ్బు వంటగదిలో అన్నం, పప్పు తింటుండగా ఆయనే తల వంచుకుని చెప్పాడు. "బావిలో నేర్చిన ఈతే అది. మా చిన్నాయన నడుముకు బెండ్లు గట్టి తోసి, గట్టు పట్టు, గట్టు పట్టు అని అరుస్తాండె. ఎవర్నీ పట్టుకోగాకు, ఇద్దరూ మునుగుతారనె. నీళ్లలో పడితే చేతులు వాటంతటవే గట్టుకు పోతాయే." నాకు కోపం పోలేదు. కానీ అది నన్ను వదిలేసి పోవడం కాదని అర్థమైంది. వడ్డిస్తున్న వంటామె మా మాటల్లో ఒక్క ముక్కా తెలియకుండానే ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

మధ్యాహ్నం గాలి పెరిగింది. పడవ ఈసారి నేననుకున్న దానికన్నా ముందే తిరగబడి, తెరచాప నా నెత్తిన పడింది. చీకటి. ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డను తోసుకుంటూ బయటికొచ్చాను. ఆయన కనిపించలేదు. ముందు ఒడ్డు వైపే చూశాను, పచ్చి నిజం అది. అక్కడ ఎవరూ ఈదడం లేదు. అప్పుడు పడవ అవతలి నుంచి రొప్పుతూ గొంతు వినిపించింది. "తాడు వదలగాకే! పలక మీదుండా, లాగుతాండా!" తెరచాప నీళ్లు కార్చుకుంటూ మెల్లగా లేచింది, దానితో పాటే నేనూ పడవలో పడ్డాను. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. సర్టిఫికెట్లు సాయంత్రం ఇచ్చారు.

ఇప్పటికీ ఆయనకు చేతులు గట్టు వైపే లాగుతాయట. ఆ రోజు వాటిని తాడు మీద ఉంచడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు, అందుకే మా రెండు సర్టిఫికెట్లలో ఆయనదే ఎక్కువసార్లు చూసుకుంటాను. మీరూ జంటగా నేర్చుకోవడానికి వెళ్తుంటే ఒక్క సలహా. బోల్తా పాఠాన్ని చివరి రోజుకు ఉంచకుండా మొదటి రోజే చెప్పించుకోండి. నీళ్లలో పడగానే ముందు పక్కవాళ్లను గట్టిగా పిలవండి, వాళ్లు పలికాకే మిగతా పని. గట్టు ఎక్కడికీ పోదు.