తూకం గదిలో కుంకుమ బొట్టు

నేను కడుపుతో ఉన్న రోజుల్లో మా అత్తమ్మ రెండు పనులు ఎవరికీ వదిలేది కాదు. పొద్దున్నే నేను తయారై రాగానే భరిణె తీసి, ఉంగరం వేలితో నా నుదుటి మీద కుంకుమ పెట్టేది. వెంటనే అదే చేత్తో వేడి అన్నంలో పప్పూ నెయ్యీ కలిపి నాకు ముద్దలు పెట్టేది. నేను ఒకపక్క చెప్పులేసుకుంటూ, ఇంకోపక్క బ్యాగు తగిలించుకుంటూ ముద్ద ముద్దకూ నోరు తెరిచేదాన్ని. మా ఆయనకు అది చూస్తే కడుపుమంట.

"నాకెన్నడన్న గిట్ల తినిపిచ్చినవానె అమ్మా?" అనేవాడు.

"నువ్వేమన్న మోస్తున్నవార?" అనేది ఆమె, అతని వైపు చూడకుండానే.

ముద్దలయ్యాక మూడో పని మొదలయ్యేది. అది నా ఉద్యోగాన్ని తిట్టడం.

నేను నాచారం పారిశ్రామిక వాడలో ఒక పరీక్షల ల్యాబులో పని చేస్తాను. ఎవరెవరో పంపించే నీళ్లు, పాలు, కారం, మట్టి మా దగ్గరికి వస్తాయి. వాటిలో సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఏ మేరకు ఉన్నాయో తేల్చడం మా పని. పెళ్లయిన కొత్తలో అత్తమ్మకు ఇది మహా గొప్ప. బోడుప్పల్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కినవాళ్లెవరూ "మా కోడలు సైంటిస్టు" అన్న మాట వినకుండా దిగిన పాపాన పోలేదు. నాకు నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఆ గొప్ప కాస్తా గుబులైంది.

"ఊరందరి విషం నీ చేతుల మీదికెల్లే పోవాల్నా? కడుపులున్న పిల్లకు తాకితే ఎట్లనే? జర మానెయ్ బిడ్డా. కాన్పు అయినంక మల్ల పోదువు."

"ఏం కాదత్తమ్మా. చేతులకు తొడుగులుంటయి, మూతికి మాస్కుంటది."

"మాస్కున్నదని విషానికి తెల్సా?"

అక్కడ నాకు కోపం వచ్చేది. నిజం చెప్పాలంటే అది కోపం కాదు, భయం. ఆమె అంటున్నది తప్పని గట్టిగా చెప్పే ధైర్యం నాకే లేదు. ఉద్యోగం వదలాలని లేదు, బిడ్డకు ఏమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను. ఈ రెంటి మధ్యా గొంతు పెంచడం ఒక్కటే చేతనయ్యేది. ఆటో ఎక్కి ఉప్పల్ రింగు రోడ్డు దాకా గొణుక్కుంటూ వెళ్లేదాన్ని.

ల్యాబులో మా ఇన్‌చార్జి మేడమ్ నా సంగతి తెలియగానే యాసిడ్ గది వైపు రావద్దని చెప్పి, నన్ను తూకం గదికి మార్చింది. చిన్న గది. గాలి కూడా కదలకుండా అద్దాల పెట్టెలో ఉండే సున్నితమైన తక్కెడ. దాని అద్దం తలుపు పైకి జరిపి, నమూనా పెట్టి, మళ్లీ కిందికి దించి, అంకె నిలబడే దాకా ఊపిరి బిగబట్టుకుని చూడాలి. ఇంతకంటే భద్రమైన చోటు నాచారంలోనే లేదని అత్తమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

అప్పుడే తాబేలు గుడ్ల పెంకులు వచ్చాయి.

శ్రీకాకుళం తీరం నుంచి ఒక పరిశోధకురాలు పంపింది. మత్స్యకారుల ఇంటి పిల్లే. సముద్రపు తాబేళ్లు ఒడ్డుకొచ్చి పెట్టిపోయిన గుడ్లను తీసుకొచ్చి, కంచె కట్టిన ఇసుకలో మళ్లీ పాతిపెట్టి, పిల్లలయ్యే దాకా కాపలా కాస్తుంది. ఆ ఏడు చాలా గుడ్లు పిల్లలు కాలేదు. ఆమె గుడ్లు తీసే తీరులోనే లోపముందని కొందరు అన్నారట. నీళ్లలో కలుస్తున్న లోహాలే కారణమని ఆమె అనుమానం.

"తల్లి తిన్నదే గుడ్డులోకి వస్తుంది కదండీ మేడమ్," అంది నాతో ఫోన్లో. "తల్లిని పట్టుకుని రక్తం తియ్యక్కర్లేదు. పెంకు చూస్తే చాలు, తల్లి ఒంట్లో ఏముందో అదే చెప్పేస్తుంది."

నేను విన్నాను. విని, ఫోను పెట్టేశాక, చెయ్యి నా కడుపు మీదికి పోయింది. పలచగా, ఎండిన తోలులా ఉన్న ఆ పెంకుల్ని చూస్తుంటే నాకు ఒకటే ఆలోచన. ఈ తల్లికి తానేం ఇస్తోందో తెలియదు. నాకు తెలుసా?

పెంకులు శుభ్రం చేసి, ఎండబెట్టి సిద్ధం చేసేసరికి దసరా వచ్చింది. మా ల్యాబులో ఆయుధ పూజ ఏటా ఘనంగా చేస్తారు. మెషిన్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. పొద్దంతా లోహాల లెక్కలు చూసే మనుషులమే కొబ్బరికాయ కొట్టి, మెషిను ముందు కళ్లు మూసుకుని నిలబడతాం. సంవత్సరమంతా మొరాయించకుండా పని చెయ్యమని దండం పెట్టుకోవడంలో నాకైతే తప్పేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు.

ఆ ఏడు కుంకుమ మా ఇంటి నుంచే వెళ్లింది. అత్తమ్మ జాతరలో కొని తెచ్చుకున్న పొట్లంలోంచి సగం విడిగా కట్టి ఇచ్చింది. అక్కడ కుప్ప పోసి అమ్ముతుంటే రంగు చూసి మనసు పడిందట. కళ్లు చెదిరే ఎరుపు.

"మీ మిషన్లకు గూడ పెట్టున్రి. నిన్నూ పిల్లనూ సల్లగ సూస్తయి," అంది.

పట్టుచీర కట్టుకొచ్చిన మేడమ్ తన చేత్తోనే అన్నిటికీ బొట్లు పెట్టింది. పెద్ద మెషిన్లకు బయట రేకు మీద పెట్టింది. తక్కెడకు మాత్రం పెట్టడానికి చోటు లేక అద్దం తలుపు పై అంచున పెట్టింది. అందరం పులిహోర తిని ఇళ్లకు వెళ్లాం.

సెలవు తర్వాత పెంకులు తూచాను. అవతలి గదిలో వాళ్లు యాసిడ్‌లో కరిగించి మెషిన్‌కు ఎక్కించారు. సీసం లెక్క అమాంతం పైకి లేచింది. తాబేళ్ల అమ్మాయి రోజూ ఫోన్ చేస్తూనే ఉంది కాబట్టి మేడమ్ దాచలేకపోయింది. ఇంకా ఖాయం కాదు, మళ్లీ చూడాలి అని చెప్పింది. ఆ పిల్ల సీసం అన్న మాట తప్ప ఇంకేమీ విన్నట్టు లేదు.

"ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నానండీ! ఒక్కరు నమ్మలేదు!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

కానీ ఒక చోట తేడా కొడుతోంది. ఒకే పెంకును రెండు ముక్కలు చేసి, విడివిడిగా తూచి, విడివిడిగా పరీక్ష చేస్తాం. రెండూ ఇంచుమించు ఒకే మాట చెప్పాలి. కాడ్మియం చెప్పింది, రాగి చెప్పింది. సీసం మాత్రం ఒక ముక్కలో ఆకాశంలో ఉంటే ఇంకో ముక్కలో నేల మీద ఉంది. ఒకే గుడ్డు పెంకు అలా ఎలా అవుతుంది? ఏ నమూనా వెయ్యకుండా వట్టి యాసిడ్‌ను కూడా ప్రతిసారీ పరీక్షిస్తాం. అది శుభ్రంగానే ఉంది.

"యాసిడ్ బాగుంది, గిన్నెలు బాగున్నాయి, మెషిన్ బాగుంది. మరి ఎక్కడిదమ్మా ఈ సీసం?" అంది మేడమ్.

నేను తూకం గదిలోకి వచ్చి కూర్చున్నాను. వట్టి యాసిడ్ వెళ్లే దారి అంతా పెంకులు కూడా వెళ్తాయి. పెంకులు వెళ్లి, యాసిడ్ వెళ్లని చోటు ఏదైనా ఉందా? ఉంది. నా ముందే ఉంది. యాసిడ్‌ను ఎవరూ తక్కెడలో పెట్టరు.

అద్దం తలుపు మెల్లగా పైకి జరిపాను. పై అంచున ఎండిపోయిన బొట్టు చెదిరి, సన్నటి ఎర్రటి పొడి తక్కెడ పళ్లెం మీదికి రాలింది.

పొట్లంలో మిగిలిన కుంకుమ దేవుడి పటం దగ్గరే ఉంది. చిటికెడు తీసుకెళ్లి ఇచ్చాను. మేడమ్ దాని మీద యాసిడ్ చుక్కలు వేసింది. చూస్తుండగానే ఎరుపు పోయి కాఫీ గింజ రంగు వచ్చింది. సీసంతో చేసిన ఎరుపే అలా మారుతుంది. మేడమ్ మొహం మాడిపోయింది. మెషిన్‌కు ఎక్కిస్తే ఎన్నిసార్లు నీళ్లు కలిపి పలచన చేసినా సీసం లెక్కకు అందనంత ఎక్కువగా ఉంది.

ఇంట్లో భరిణెలో ఉన్నదీ ఆ పొట్లంలోదే. నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. అంతలో అంతకంటే పెద్ద సంగతి గుర్తొచ్చింది. ఉంగరం వేలు. ఆ వెంటనే పప్పన్నం. అంతకుముందెప్పుడూ, ఆ తర్వాతెప్పుడూ నేను అంతగా భయపడలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను.

మేడమ్ తనే నన్ను తీసుకెళ్లి డాక్టరమ్మకు చూపించింది. ఒంటికి రాసుకుంటే పెద్దగా లోపలికి పోదు, నోట్లోకి వెళ్లినదే లెక్క అని చెప్పి డాక్టరమ్మ రక్తం తీయించింది. ఫలితానికి ఆగాలి. మా ఆయనకు ఫోన్ చేశాను.

"అమ్మకు చెప్పకు. నేను వేరే కుంకుమ తెచ్చి భరిణెల పోస్త. ఆమెకు తెల్వకపోతేనే మంచిది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆమె నా ఉద్యోగం గురించి ఏది అన్నా నా మొహం మీదే అంది. వెనక ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషికి చాటుగా భరిణె మార్చడమా?

సాయంత్రం ఇంటికెళ్లి వంటింట్లో ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. తప్పు పడుతున్నట్టు ఉండకూడదని మాటలు ఏరుకుంటూ చెప్పాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తీస్తూనే వింది.

"పిల్లకేమన్న అయితదా?"

"తెల్వదత్తమ్మా. రక్తం ఇచ్చొచ్చిన."

ఆమె చిక్కుడుకాయలు పక్కకు నెట్టింది. లేచి భరిణె తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. పొడిని సింకులో పోయలేదు, కవరులో వేసి ముడి కట్టింది. వెండి భరిణెను ఎంతసేపు తోమిందో. మర్నాడు పొద్దున ఆమె నుదుటి మీద స్టిక్కరు బొట్టు చూసి నేను నిర్ఘాంతపోయాను. స్టిక్కర్లు పెట్టుకునే ఆడవాళ్లను చూస్తే మూతి తిప్పే మనిషి. నాకూ ఒక స్టిక్కరు అందించింది. అన్నం పళ్లెంలో పెట్టి, పక్కన చెంచా పెట్టి, అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

ఉద్యోగం మానెయ్యమని అనలేదు. ఆ మాట కోసం నేను ఎదురుచూస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ల్యాబులో తక్కెడను విప్పి శుభ్రం చేశారు. మిగిలిన పెంకులు మళ్లీ తూచాను. ఈసారి రెండేసి ముక్కలూ ఒకే మాట చెప్పాయి. సీసం ఉండీ లేనట్టుంది. కాడ్మియం కాస్త ఉంది, గుడ్లను చంపేంత కాదు. ఆ అమ్మాయికి చెప్పే పని మేడమ్ నాకు అప్పగించింది. చెప్పాను. అవతల ఆ అమ్మాయి వెనక అలల చప్పుడు వినిపించింది.

"అయితే తల్లులు బాగానే ఉన్నాయన్నమాట," అంది చివరికి. "ఇసుక వేడెక్కిపోతోందేమో చూడాలండి. మళ్లీ మొదలెడతాను."

ఆ వారంలోనే నా రక్తం ఫలితం వచ్చింది. భయపడేంత లేదు, ఇంతటితో ఆగిపోతే చాలు అంది డాక్టరమ్మ. ఆటోలో ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. అత్తమ్మకు చెబితే దేవుడి వైపు తిరిగి దండం పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"గా తాబేలు గుడ్లల్ల ఏం దొరికింది?"

"సీసం లేదత్తమ్మా. మన కుంకుమ పడ్డది, గంతే."

"అంటే గా నోరులేని తల్లి మంచిగనే ఇచ్చింది," అంది. "నేనే గద ఇచ్చింది."

నేను ఏవేవో అన్నాను. ఆమె తల ఊపింది గానీ, మర్నాడు కూడా పళ్లెంలో చెంచానే ఉంది.

ఆదివారం ఆమె మా ఆయన్ని పంపి పసుపు కొమ్ములు, నిమ్మకాయలు, పటిక, వెలిగారం తెప్పించింది. తన తల్లి ఇంట్లోనే కుంకుమ చేసేదట, చిన్నప్పుడు చూసిందట. కొమ్ములు ముక్కలు కొట్టి, మిగతావన్నీ కలిపిన నిమ్మరసంలో నానబెట్టి, బాల్కనీలో నీడకు ఆరబెట్టింది. పసుపు మెల్లగా ఎరుపెక్కింది. దంచి, బట్టలో జల్లించింది. జాతర కుంకుమలా మెరవలేదు. ఇటుక రంగులో, నెమ్మదిగా ఉంది. అందులోంచి చిటికెడు కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది.

"దీన్ని మీ మిషన్ల పెట్టు."

పెట్టాం. సాయంత్రం వచ్చి ఏమీ లేదని చెప్పాను.

"మల్ల సూడు," అంది.

మళ్లీ చూశాం. మేడమ్ విసుక్కోలేదు, తనకూ కొంచెం కావాలంది.

ఆ మర్నాడు పొద్దున నేను తయారై వచ్చేసరికి భరిణె బయట ఉంది. నా నుదుటి స్టిక్కరు తీసేసి, ఉంగరం వేలితో కుంకుమ పెట్టింది. తర్వాత సింకు దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గోళ్ల సందులు కూడా కడుక్కుని వచ్చింది. పళ్లెంలో చెంచా తీసి పక్కన పెట్టింది. అన్నం కలిపి ముద్ద చేసి, నా నోటి దాకా తెచ్చి ఆగింది.

నేను ముందుకు వంగి నోరు తెరిచాను.