అక్క బంద్ చేసిన కంప్యూటర్లు

దసరా సెలవులు ముగిసి కాలేజీ తెరిచిన రోజు, ల్యాబు తలుపు తీయగానే పుల్లటి ఘాటు వాసన ముఖానికి కొట్టింది. లోపలి చిన్న గదిలో యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. కొన్ని పగిలి గచ్చు మీద యాసిడ్ మడుగు కట్టింది. గోడంతా మసి. నిప్పు పుట్టి, ఎందుకో పెద్దది కాకుండా దానంతటదే ఆరిపోయింది. నా వెనకే వచ్చిన అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"నువ్వు లోపల్కి పోకు చెల్లె. ముందుగాల కిటికీలు తియ్యనీ" అంది.

నేను అక్క అని పిలిచే ఆమె మా ల్యాబు అటెండరు. ఇబ్రహీంపట్నం చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒకదానిలో నేను కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగంలో ఉన్నాను. మాది ఇబ్రహీంపట్నమే. అక్క కోహెడ అవతలి ఊరి నుంచి బస్సులో వచ్చేది. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు ఆమెది. ల్యాబులో గుసగుసలాడినా వరండా దాకా వినపడేది.

సాయంత్రం కంప్యూటర్లు ఆపడం ఆమె పని. చాలామంది వరసగా షట్‌డౌన్ నొక్కుకుంటూ పోతారు. ఆమె అలా కాదు. ఒకదానికి నొక్కి, తెర నల్లబడి, డబ్బా మీద లైటు ఆరేదాకా దాని ముందే నిలబడి, తర్వాత పక్కదానికి జరిగేది. బస్సు టైమవుతోంది, తొందరగా కానిమ్మని నేనంటే, "నొక్కంగనే పోతే అది బంద్ అయ్యిందో లేదో ఎట్ల తెలుస్తది?" అనేది. సెలవులకు ముందు రోజు కూడా అంతే. నేను బ్యాగు భుజాన వేసుకుని తలుపు దగ్గర విసుక్కుంటూ నిలబడ్డాను. ఆమె చివరి వరస దాకా అదే నిదానంతో వెళ్లింది. మెయిన్ స్విచ్ మాత్రం ఆపలేదు. సీసీ కెమెరాలు అదే లైను మీద ఉన్నాయని, దాన్ని ముట్టుకోవద్దని ఆఫీసు నుంచే ఆర్డరు.

ఎలక్ట్రీషియన్ వచ్చి యూపీఎస్‌ను పక్కన పెట్టి, కరెంటు నేరుగా ఇచ్చాడు. కంప్యూటర్లన్నీ నేనే ఆన్ చేశాను. అన్నీ లేచాయి. హమ్మయ్య అనుకునేలోపే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు వచ్చారు, అందరం ఏవో సారు అంటాం. కాలేజీలో జీతాలు, సామాను, అటెండర్లు అన్నీ ఆయన కిందే. కాలిన గదిని గడప దగ్గరి నుంచే చూసి, "సెలవులల్ల సిస్టమ్స్ ఆన్‌ల పెట్టి పోయిండ్రు. కరెంటు పోయినప్పుడల్లా లోడు బ్యాటరీల మీద పడ్డది. గంతే" అన్నారు.

"లేదు సార్. అన్ని నేనే బంద్ చేసిన" అంది అక్క.

ఆయన ఆమె వైపు తిరగను కూడా తిరగలేదు. నన్ను చూసి, "ఏ సిస్టమ్ ఎప్పుడు ఆన్ అయ్యిందో తెల్సుకోవచ్చు గదా? తీసి ఇయ్యి" అన్నారు.

తెలుసుకోవచ్చు. విండోస్ తన గురించి తాను చాలా సంగతులు గుర్తుపెట్టుకుంటుంది. తన వెర్షన్ ఏమిటి, తనను ఎప్పుడు ఇన్‌స్టాల్ చేశారు, మెమరీ ఎంత మిగిలింది, చివరిసారి ఎప్పుడు బూట్ అయింది, అంటే ఎప్పుడు లేచింది. ఇవన్నీ అడగడానికి నా దగ్గర చిన్న స్క్రిప్టు ఉండేది. నా టేబుల్ దగ్గరే కూర్చుని దాన్ని నడిపితే, నెట్‌వర్క్‌లో ఉన్న ఒక్కో కంప్యూటర్‌ను పేరు పెట్టి పిలిచి, జవాబు తెచ్చి వరసలో పెడుతుంది. అప్‌డేట్లు పడ్డాయో లేదో చూసుకోవడానికి నేను రాసుకున్నది అది. ఆ రోజు మాత్రం ఒక్క సంగతే అడిగాను: చివరిసారి ఎప్పుడు బూట్ అయ్యావు?

దాదాపు అన్నీ ఒకే తేదీ చెప్పాయి. సెలవులకు చాలా ముందు, అప్‌డేట్లు వేసి నేనే అన్నిటినీ రీస్టార్ట్ చేసిన రోజు అది. లెక్చరర్లు కూర్చునే టేబుల్ మీది కంప్యూటర్ ఒక్కటి మాత్రం కాలేజీ తెరిచిన రోజు తేదీ చెప్పింది.

ఏవో సారు స్క్రీన్ మీదికి వంగి, "చూసినవా? అప్పట్నుంచి ఒక్కటి గూడ బంద్ కాలే. సార్ల సిస్టమ్ ఒక్కటే పద్ధతిగ బంద్ అయ్యింది" అన్నారు.

నాకెక్కడో తిరకాసుగా అనిపించింది. "సార్, పొద్దున కరెంటే లేకుండె. అన్ని నేనే ఆన్ చేసిన. లెక్క ప్రకారం అన్నిటికీ ఇయ్యాల్టి తేదీ రావాలె" అన్నాను.

"మిషిన్ అబద్ధం చెప్తదా?" అని ఆయన వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆఫీసులో ఏవో సారు అందరి ముందూ అక్కను నిలబెట్టారు. తప్పైందని, క్షమించమని రాసిస్తే వేరే బ్లాకులో ఊడ్చే పనికి పంపుతామని, లేకపోతే రేపటి నుంచి రావద్దని చెప్పారు. క్లర్కులు తలలు దించుకున్నారు. అక్క దించుకోలేదు.

"తప్పు చేస్తె రాస్త సార్. చెయ్యనిదానికి ఎందుకు రాస్త?"

"నువ్వు చేసినవని సిస్టమే చెప్తుంది కదా."

"సిస్టమ్ నన్ను చూసిందా సార్? నేను దాన్ని చూసిన. లైటు పోయేదాక నిలబడి చూసిన."

నేను లేచి, ఆ తేదీల మీద నాకు అనుమానం ఉందని, తేలేదాకా ఆగమని అడిగాను. "నిన్ను అడిగిన పని నువ్వు చేసినవ్. ఇగ అయిపోయింది" అన్నారు ఏవో సారు. అక్క టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి బస్టాపు వైపు నడిచింది. ఆమె వెనక పరిగెత్తాను. "నువ్వు అడ్గినవ్ గదా, సాలు తియ్" అంది గానీ, నాకు చాలలేదు. ఆ జవాబు తెచ్చింది నా స్క్రిప్టు. ఆమె ఎలా బంద్ చేసిందో కళ్లారా చూసినదాన్ని నేను. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

ఇంట్లో నా ముఖం చూసి బాపు విషయం అడిగాడు. చెప్పాను.

"పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా?" అన్నాడు. మళ్లీ తనే, "ఆమె బంద్ చేసిందని నీకు ఎర్కేనా?" అన్నాడు.

"ఎర్కే బాపూ. నా ముంగటనే చేసింది."

"ఎర్కైనంక ఇంకేంది మరి. ఫికర్ చెయ్యకు, అడుగు" అన్నాడు.

అన్నం తిన్నాక నా సొంత ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేశాను. అక్క లాగే లైటు ఆరేదాకా చూశాను. మర్నాడు పొద్దున, కాలేజీకి తయారై, దాన్ని ఆన్ చేసి అదే ప్రశ్న అడిగాను. అప్పుడే లేచిన ల్యాప్‌టాప్, పోయిన వారం లేచానని చెప్పింది! రీస్టార్ట్ నొక్కి మళ్లీ అడిగాను. ఇప్పుడే అంది.

చదవాల్సినవి చదివితే విషయం తెలిసింది. ఇప్పటి విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంటుంది. మనం షట్‌డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగిపోదు. లోపలి భాగాన్ని ఉన్నదున్నట్టుగా డిస్కు మీద దాచి, అప్పుడు కరెంటు వదిలేస్తుంది. మర్నాడు ఆన్ చేయగానే దాచిన చోటి నుంచే అందుకుంటుంది. అందుకే దాని లెక్కలో అది కొత్తగా బూట్ అయినట్టు కాదు. పాత తేదీనే చెబుతుంది. రీస్టార్ట్ చేస్తేనో, నడుస్తుండగా ఉన్నట్టుండి కరెంటు పోతేనో మాత్రమే మొదటి నుంచి లేస్తుంది, తేదీ మారుతుంది.

ఈ చివరి మాట చదివాక కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. బ్యాటరీలు కాలి కరెంటు పోయినప్పుడు ఆ కంప్యూటర్లు నిజంగా ఆన్‌లో ఉండి ఉంటే, దాచుకునే సమయం కూడా దొరక్క ఠక్కున చచ్చిపోయేవి. నేను ఆన్ చేయగానే అన్నిటికీ కొత్త తేదీ వచ్చేది. పాత తేదీ ఉందంటే అక్క పద్ధతిగా బంద్ చేసిందనే అర్థం. ఏ జవాబు చూపించి ఆమెను గేటు బయటికి పంపారో, ఆ జవాబే ఆమె పక్షాన సాక్ష్యం చెబుతోంది. మేమే తలకిందులుగా చదివాం.

ఏవో సారు దగ్గరికి వెళ్లి, ల్యాబుకు ఒకసారి రమ్మన్నాను. "రిపోర్టు పైకి పోయింది. ఇగ దాన్ని కెలకకు. నీ నౌకరి చూస్కో" అన్నారు.

"ప్రశ్న రాసింది నేను సార్. జవాబుకు అర్థమేందో గూడ నేనే చెప్పాలె. మీరు రాకుంటె ప్రిన్సిపాల్ సార్‌ను తీస్కపోత" అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రిన్సిపాల్ సారు వచ్చారు. ఆయన వస్తుంటే ఏవో సారుకూ రాక తప్పలేదు. రెండు కంప్యూటర్లు చూపించాను. ఒకదాన్ని షట్‌డౌన్ చేసి, లైటు ఆరాక వైరు పీకేశాను. రెండోదాన్ని నడుస్తుండగానే వైరు పీకేశాను. మళ్లీ రెంటికీ కరెంటు ఇచ్చి, ఆన్ చేసి, స్క్రిప్టు నడిపాను. మొదటిది సెలవుల ముందటి తేదీయే చెప్పింది. రెండోది ఈ నిమిషమే లేచానంది.

ప్రిన్సిపాల్ సారు కళ్లద్దాలు పైకి జరుపుకుని మరోసారి నడపమన్నారు. నడిపాను. "అంటే పాత తేదీ ఉన్నవన్నీ సరిగ్గా బంద్ అయినవే అన్నమాట" అన్నారు నెమ్మదిగా.

"అవ్ సార్."

"కొత్త తేదీ వచ్చింది ఏది?"

నేను లెక్చరర్ల టేబుల్ వైపు చూశాను. దాన్ని ఆఖరుకు వాడినవాళ్లు తెర లాక్ చేసి వెళ్లిపోయి ఉంటారు. వాళ్ల సిస్టమ్ ముట్టుకోవద్దని అక్కకు మొదటి రోజే చెప్పి ఉన్నారు. సెలవులంతా ఆన్‌లో ఉన్నది అదొక్కటే. ఎవరు వాడారని ఏవో సారు అప్పుడు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

"ఇదంతా టెక్నికల్ విషయం సార్. మాకెట్ల తెలుస్తది?" అన్నారాయన.

"నిన్న అందర్ల నిలబెట్టి తప్పు అక్క మీద వేసినప్పుడు టెక్నికల్ కాలేదా సార్?" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. ప్రిన్సిపాల్ సారు నన్ను ఆపలేదు.

మర్నాడు పెద్ద అంబర్‌పేట్ నుంచి యూపీఎస్ మెకానిక్ వచ్చి చూశాడు. బ్యాటరీల వయసు ఎప్పుడో అయిపోయిందని, గదికి ఉన్న ఒక్క గాలి కంతనూ ఫ్లెక్సీ బోర్డులు పేర్చి మూసేశారని చెప్పాడు. ఒక్క కంప్యూటర్‌తో అయ్యే పని కాదిది అన్నాడు.

ఏవో సారు నన్ను పిలిచి, "ఆమెను రేపట్నుంచి రమ్మను" అన్నారు. ఫోన్ చేశాను. అక్క సంతోషపడుతుందనుకున్నాను.

"గట్ల ఫోన్ల రమ్మంటె రాను చెల్లె. అందరి ముంగట పొమ్మన్నడు. అందరి ముంగటనే చెప్పాలె."

ఆ మాట అలాగే తీసుకెళ్లి చెప్పాను. "అటెండర్‌కు నేను సంజాయిషీ చెప్పాల్నా?" అని ఆయన కుర్చీ వెనక్కి నెట్టారు. నేను ల్యాబు తాళాలు ఆయన టేబుల్ మీద పెట్టి, అక్క వచ్చేదాకా సాయంత్రం ల్యాబు మూసే బాధ్యత నాది కాదన్నాను. ప్రాక్టికల్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆ తాళాలు రెండు మూడు రోజులు అక్కడే పడి ఉన్నాయి. నన్ను తీసేస్తారని స్టాఫ్ రూములో అనుకున్నారు. ఇంట్లో బాపుకు కూడా ముందే చెప్పి పెట్టాను. చివరికి ప్రిన్సిపాల్ సారే మాట్లాడారో, పరీక్షల భయమే మాట్లాడిందో తెలియదు గానీ, అక్కను పిలిపించారు.

అదే ఆఫీసు, అదే మనుషులు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఏవో సారు ఫైలు తిరగేస్తూ, "ఆ బ్యాటరీల విషయంల జర పొరపాటైంది. పనిల చేరు" అన్నారు.

"ఎవల్ది సార్ పొరపాటు?" అంది అక్క.

ఈసారి క్లర్కులెవరూ తలలు దించుకోలేదు. ఆయననే చూస్తున్నారు.

"మాదే" అన్నారు.

"మంచిది సార్" అని అక్క బయటికి వచ్చింది. వరండాలో నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె అరచెయ్యి చెమటతో తడిసి ఉంది.

కథ అక్కడితో అయిపోలేదు. వారం తిరగకముందే ఆఫీసు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. రోజూ సాయంత్రం బంద్ చేసిన ఒక్కో కంప్యూటర్‌ను అటెండరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. పెట్టకపోతే నేను జవాబు చెప్పాలట. అక్కకు చదివి వినిపించాను. ఆమె నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని సీదా ఆఫీసులోకి నడిచింది. ఆమె గొంతు వరండా దాకా వినపడింది.

"ఫోటోలు నేను తియ్య సార్. నమ్మకం లేకుంటె సాయంత్రం మీరే రాండ్రి. నా పక్కపొంటి నిలబడి చూడుండ్రి."

ఆయన ఏ సాయంత్రమూ రాలేదు. ఆ గ్రూపులో ఇప్పటిదాకా ఒక్క ఫోటో పడలేదు. ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు నన్నడిగారు. పెట్టను అన్నాను, అంతే.