అత్తగారి పక్కన గడి లేదు

దేవుడు ప్రత్యక్షమై "వరం కోరుకో నాయనా" అంటే, "కోరడం కంపల్సరీయా స్వామీ, ఆప్షనలా?" అని అడిగే రకం ఆ ఇంటి అల్లుడు.

ఇందులో ఆయన తప్పేమీ లేదని కూతురి వాదన. ఉద్యోగం అలాంటిది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌ను కొన్నవాళ్ళ కంప్యూటర్లలోకి దింపే ప్యాకేజీ తయారుచేస్తాడు. అందులో ఏ ఫీచర్ తప్పక ఎక్కాలి, ఏది అడిగి ఎక్కించాలి, దేని కింద ఏది ఉండాలి అని ఒక చెట్టు గీస్తాడు. పై కొమ్మ తల్లి, కిందవి పిల్లలు. అడగాల్సినవాటి పక్కన చిన్న గడి. కావాలంటే టిక్కు పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. ఇదంతా ఓపిగ్గా విని, "అంటే మా అల్లుడు డబ్బాలు సర్దుతాడన్నమాట" అని అత్తగారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

మోకాలి ఆపరేషనుకని వచ్చి, కాలు బాగుపడ్డా మూడేళ్ళుగా అక్కడే ఉండిపోయారావిడ. ఆ ఆపరేషనప్పుడే అల్లుడు డాక్టరు చీటీ అటూ ఇటూ తిప్పి, "ఇందులో కంపల్సరీ మాత్రలేవి, ఆప్షనల్ ఏవి డాక్టరుగారూ?" అన్నాడు.

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాత్రలన్నీ కంపల్సరీ. వచ్చేసారి ఆవిడతో మీరు రావడం ఆప్షనల్."

దర్జీ దగ్గరా ఇదే గోల. "చొక్కా తల్లి, జేబు పిల్ల. చొక్కా వద్దంటే జేబు దానంతటదే పోవాలి."

"చొక్కా వద్దంటే నా దగ్గరికెందుకొచ్చారు సార్?" అని దర్జీ టేపు మెళ్ళో వేసుకుని లోపలికెళ్ళిపోయాడు.

ఇంతలో ఇల్లు మారాల్సొచ్చింది. కొత్త ఇంట్లో ఒక గది తక్కువ. అల్లుడికి పండగే పండగ. పాత క్యాలెండరు వెనక పెద్ద చెట్టు గీసి, పెన్సిలు చెవిలో దోపుకుని, గది గదికీ తిరిగాడు.

"మంచం?"

"కంపల్సరీ," అంది కూతురు. "పరుపో?"

"మంచం పిల్ల. తల్లి వస్తే పిల్ల అడక్కుండా వస్తుంది. వ్యాయామం సైకిలు?"

"దానిమీద బట్టలేగా ఆరేస్తున్నాం?"

"అయితే బట్టల తీగ కింద వేస్తా."

అత్తగారి పడక్కుర్చీ దగ్గర ఆగాడు. కూర్చున్నా కిర్రుమంటుంది, లేచినా కిర్రుమంటుంది. "ఇది కంపల్సరీయా అత్తయ్యా, ఆప్షనలా?"

"నన్నడుగుతావేం బాబూ, ఇల్లు నీది," అన్నారావిడ మర్యాదకి. మర్యాదకన్న మాటలు అల్లుడికి అర్థం కావు. కుర్చీని చెట్టులోంచి కొట్టేశాడు. ట్రంకుపెట్టె కొట్టేశాడు. పావుగంట వెనక నడిచే గోడగడియారమూ పోయింది. తర్వాత చెప్పుల స్టాండు గురించి అడిగాడు, పూలకుండీల గురించి అడిగాడు, ఆఖరికి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా గురించి కూడా అడిగాడు. ఆవిడ గురించి మాత్రం ఒక్క మాటా అడగలేదు.

సాయంత్రం వంటింట్లోంచి కూతురి గొంతు వినబడింది. "మరి అమ్మ?"

"అత్తయ్యని హిడెన్‌లో పెట్టా. పైకి కనబడరు."

ఆ మాట అత్తగారి చెవిన పడింది. దాచిపెట్టేంత తప్పు తనేం చేసింది? పెద్దకూతురింటికి పోవచ్చు, నిజమే. కానీ అక్కడ పొద్దున్నే అందరూ తాళం వేసుకుని పోతే, సాయంత్రందాకా మాట్లాడేది ఫ్రిజ్జొక్కటే. ఈ ఇంట్లో పిచ్చి ప్రశ్నలైనా సరే, రోజూ ఎవరో ఒకరు తననేదో అడుగుతారు. ఆవిడకి పోవాలని లేదు. అయినా అభిమానం ఊరుకోదుగా, సంచీ సర్దేశారు.

మర్నాడు వ్యానొచ్చింది. అత్తగారు ఒళ్ళో సంచీతో పడక్కుర్చీలో కూర్చున్నారు. "పెద్దదాని దగ్గరికి పోతున్నా బాబూ."

అల్లుడు గబగబా క్యాలెండరు విప్పి చూసుకున్నాడు. "అదెలా కుదురుతుంది?"

"ఏం, ఎందుక్కుదరదు? పూలకుండీని అడిగావు, చెప్పుల స్టాండుని అడిగావు. నన్నడిగావా? పైగా ఎక్కడో దాచావట!"

"అయ్యో అత్తయ్యా! వద్దనడానికి వీలున్నవాటినే అడుగుతాం. వద్దనే వీల్లేనిదానికి గడే పెట్టం. ఎవరి చెయ్యీ పడకుండా దాచేస్తాం. అదే హిడెన్ అంటే. చెట్టులో పై కొమ్మ మీరే. మిమ్మల్ని తీస్తే మేమిద్దరం కూడా ఎక్కం."

"మరి గదో?"

"ఆయన కంప్యూటరు బల్లని ఆప్షనల్లో వేసుకున్నారమ్మా," అంది కూతురు. "బాల్కనీలో పీట మీద కూర్చుని పనిచేసుకుంటారట. ఆ గది నీదే."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఎంత సంతోషమేసిందంటే, వెంటనే అల్లుడి మీద విరుచుకుపడాలనిపించింది.

"అయితే బాబూ, తల్లి వస్తే పిల్లలు అడక్కుండా వస్తాయన్నావు కదూ?"

"అవునత్తయ్యా, అదే రూలు."

"ఈ పడక్కుర్చీ నా పిల్ల. ఆ ట్రంకుపెట్టె నా పిల్ల. ఆ గడియారం నా ఆఖరి పిల్ల."

అల్లుడు క్యాలెండరు వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు. తన రూలే తన మెడకి చుట్టుకుంది. చెవిలో పెన్సిలు తీసి, కొట్టేసిన మూడింటినీ మళ్ళీ రాశాడు.

వ్యాను మనిషి వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగాడు. "ఇది ఎక్కించాలా సార్? మరి అమ్మగారు?"

"కుర్చీ సంగతంటే అడిగావు సరే," అన్నాడు అల్లుడు. "ఆవిడ సంగతి అడక్కూడదయ్యా. ముందు సీటు తుడువు."