మా తాత పెట్టె, అమెరికా ఫెలోషిప్పు

మొన్న పొద్దున ఇడ్లీ పొట్లం విప్పితే, ఆ పేపరు ముక్కలో అమెరికా రాజకీయాల మీద, చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్ళకు సిద్ధాంత గ్రంథం పూర్తిచేయడానికి ఫెలోషిప్పులు ఇస్తామన్న ప్రకటన ఒకటి కనపడింది. చట్నీ మరక పక్కన ‘గైడు ధ్రువీకరణ’ అన్న రెండు మాటలు చదివేసరికి ఇడ్లీ పక్కన పెట్టేశాను. నేను కోతలరాయుణ్ణని నా ఈడువాళ్ళందరికీ తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఇప్పుడు రాసేదాంట్లో పిసరంత కూడా కలపలేదు, కలపాల్సినదంతా ఆ రోజుల్లోనే కలిపేశాను.

డెబ్భైల చివరి మాట. తిరువళ్ళూరులో స్టేషనుకు దగ్గరగా ఒక గది తీసుకుని, పొద్దున్నే రైల్లో మద్రాసు వెళ్ళి లైబ్రరీలో కూర్చుని, శనివారాలు తిరుత్తణిలో మా పెదనాయన ఇంటికి పోతూ, అమెరికా కాంగ్రెసులో బయటి దేశపు గుడ్డల మీద సుంకం గురించి మా తాత కాలంలో జరిగిన తగాదాల మీద పరిశోధన చేస్తుండేవాణ్ణి. నేత ఇంటి పిల్లవాడికి అంతకంటే దగ్గరి అమెరికా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! ఫెలోషిప్పు ఫారంలో ‘ఇంతవరకు ఎవరూ చూడని ఆధారాలు మీ దగ్గర ఉన్నాయా’ అని ఒక గడి ఉండింది. ఖాళీ గడిని చూస్తే నా చెయ్యి ఊరుకోదు. పెదనాయన ఇంట్లో మా తాత పెట్టె ఒకటుందనీ, అందులో అమెరికా వర్తకుడొకడు సుంకాల బాధ వెళ్ళబోసుకుంటూ తాతకు రాసిన ఉత్తరాలున్నాయనీ రాసేశాను. పెట్టె ఉన్నమాట నిజమే. అందులో వర్తకులకు చూపించే పాత మచ్చు గుడ్డలు తప్ప ఏమీ లేవని చిన్నప్పటినుంచీ ఇంట్లో అనుకోవడమే గాని, నేను తెరిచి చూసింది లేదు.

ఆ గడి కింద, ‘ఈ ఆధారాలను నేను స్వయంగా చూశాను’ అన్న వాక్యానికి మా గురువుగారు సంతకం పెట్టాలి. ఆయన త్వరలో రిటైరు కాబోతున్నారు, నేను ఆయనకు చివరి శిష్యుణ్ణి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నువ్వు చూశావు గదా, చాలు, అని సంతకం పెట్టేశారు.

ఫెలోషిప్పు వచ్చింది. గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నవాడు పడుగు అయ్యేదాకా లేవలేనట్టు, ఆ రోజునుంచి నేను కదలలేకపోయాను. మూడు నెలలకొకసారి నివేదిక పంపాలి. మొదటిదాంట్లో పెట్టె తాళంచెవి పోయింది. రెండోదాంట్లో ఉత్తరాలు దొరికాయి గాని చేతిరాత అర్థంకాలేదు. మూడోదాంట్లో ఆ వర్తకుడి భార్యకు పన్ను నొప్పి కూడా తెప్పించాను. గురువుగారికి ఆవిడ ఎంత నచ్చిందంటే, కనపడినప్పుడల్లా పన్ను తగ్గిందా అని అడిగేవారు. మానేద్దామంటే ఎందుకని అడుగుతారు. చెబుదామంటే ఆయన పెట్టిన సంతకం అడ్డం వచ్చేది. గదిలో పడుకుంటే పైకప్పు దూలాలు రోజుకొక అంగుళం కిందికి దిగుతున్నట్టు ఉండేది. ఇది కోత కాదు, కొలిచి చూసినవాణ్ణి.

ఇంతలో ఫెలోషిప్పు కమిటీలోని ఒక అమెరికన్ ఆచార్యురాలు మద్రాసు వచ్చిందనీ, ఉత్తరాలు చూడటానికి గురువుగారితో కలిసి తిరుత్తణి వస్తుందనీ కబురు. పెదనాయనకు ఒక కార్డు రాసిపడేసి, వాళ్ళు వచ్చే ముందురోజు నేను బయల్దేరాను. తిరుత్తణి కొండమీది గుడిలో ఆడికృత్తిక తిరునాళ్ళ రోజులు. మొక్కుబడి కావళ్ళు మోసేవాళ్ళ మధ్య చెయ్యి ఎత్తడానికి కూడా సందులేని రైల్లో నిలబడి, పెట్టెకు చెదలు పట్టించడమా, దొంగల్ని రప్పించడమా అని తేల్చుకోలేక ఇల్లు చేరాను.

చూస్తే పెరట్లో తాళ్ళ నిండా గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఎరుపు పసుపులోకి, పసుపు నీలంలోకి దిగి, గంజికి అట్టల్లా నిలబడ్డాయి.

మా పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏంరా, మొగం అట్ల పెట్టుకోనుండావు? దొరసాని వస్తాదని నువ్వే గదా కార్డు రాసినావు. పెట్టె పగలగొట్టి, అంతా ఉతికి గంజి పెట్టినాం సూడు!"

నేతగాళ్ళ సొసైటీ నుంచి గుడ్డ చూడటానికి ఎవరొచ్చినా ఉతికి, గంజిపెట్టి, మడత నలగకుండా చూపించడం మా ఇళ్ళల్లో మర్యాద. అంతవరకు నాకు నవ్వే వచ్చింది. తరువాత ఆవిడ అన్నది: "ఆ కాగితాలతోనే సచ్చినాంరా."

"ఏం కాగితాలు పెద్దమ్మా?"

"ఒక్కో గుడ్డకీ ఒకటి అంటించి ఉండె. ఇంగ్లీషులో ఏందో కెలికి, పైన గద్ద బొమ్మ. మచ్చు గుడ్డకి కాగితం కరుసుకోనుంటే దొరసాని ఏమనుకుంటాది? గీకీ గీకీ నా గోళ్ళు అరిగిపోయినాయి."

"సుమ్మా, ఊరికే కాదురా, మూడు నీళ్ళు మార్చినాం," అన్నాడు పెదనాయన మగ్గం గుంటలోంచి, గర్వంగా.

గద్ద అమెరికావాళ్ళ ముద్ర. ఉతికిన నీళ్ళు పోయే పెరటి కాలువ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. నీలంగా కాగితపు గుజ్జు వేళ్ళకు అంటుకుంది; ఒక్క అక్షరం నిలబడలేదు. నా అబద్ధం నిజమై అన్నేళ్ళుగా ఆ పెట్టెలోనే పడి ఉంది. ఏ శనివారమైనా తెరిచి చూడవచ్చు. ఖాళీగా ఉంటుందన్న భయంతో నేను ఆ పెట్టె ఉన్న గది గడప కూడా తొక్కలేదు.

మరునాడు ఇద్దరూ చెమటలు కక్కుతూ వచ్చారు. ఆవిడ గుడ్డలన్నీ ఓపికగా చూసి, ఉత్తరాలెక్కడ అని అడిగింది. జీవితంలో మొదటిసారి జరిగింది జరిగినట్టు చెప్పాను. గద్ద బొమ్మ, గంజి, మూడు నీళ్ళు. చెబుతుంటే నా చెవులకే అది నా కోతలన్నిటికంటే నాసిరకంగా వినపడింది. ఆవిడ నోటుపుస్తకం మూసి, మీరు చూశారా అని గురువుగారిని అడిగింది. ఆయన ఒక్క ‘అవును’ అంటే నేను బయటపడతాను. చూడలేదు, చూశానని సంతకం పెట్టింది నేను, తప్పు నాది, అన్నారాయన.

మజ్జిగ అందిస్తున్న పెద్దమ్మకు ఇంగ్లీషు రాదు. "ఏమంటాదిరా?" అని నా చెవిలో అడిగింది.

"గంజి బాగా కుదిరిందంటాది పెద్దమ్మా."

ఆ నెలతో ఫెలోషిప్పు ఆగిపోయింది. అచ్చయిన కాంగ్రెసు చర్చలు పట్టుకుని, ఇంకొకరి సంతకంతో ఎలాగో పూర్తిచేశాను. గురువుగారు రిటైరయిన రోజున ఎవరూ సభ పెట్టలేదు.

కాని గుడ్డలు చూసి వెళ్ళిన ఆరోజు, తిరుత్తణి నుంచి తిరుగు రైల్లో, తిరువళ్ళూరులో నేను దిగిపోయాక, ఆయన కిటికీలోంచి పిలిచి, ఆ గద్ద బొమ్మ నిజమేనా అని అడిగారు. నిజమేనన్నాను. అయితే సరే, అన్నారు. రైలు కదిలిపోయింది.

ఇప్పుడు ప్రతిదానికీ నకలు, ఫోటో, ముద్ర అడుగుతున్నారని మా తరంవాళ్ళు విసుక్కుంటుంటే నేను వాళ్ళతో గొంతు కలపను. ఎదుటివాడి మాట నమ్మి ‘అయితే సరే’ అనే మనుషులు ఒకప్పుడు మనకుండేవారు. వాళ్ళను కరువు చేసింది నాలాంటివాళ్ళే.