హాజరుకి కూర పేరు

మా హైస్కూలు లెక్కల టీచరు గారు పోయారని సోమవారం ప్రార్థనకి ముందు తెలిసింది. పిల్లలు ఏడ్చారు. నేను పోతే ఇంతమంది ఏడుస్తారా అనుకున్నాను. ఆవిడ మీద నా కుళ్ళు అలాంటిది, దాచుకోను.

కరోనాలో బడి మూసేసి పాఠాలు ఫోన్లోకి ఎక్కినప్పుడు మొదలైంది. నేను సైన్సు మాస్టారిని. ట్రైపాడ్, కాలర్ మైకు తెప్పించాను, రంగురంగుల బొమ్మలు గీశాను. నా క్లాసుకి ఆరుగురు వచ్చేవారు. అందులో ఇద్దరు ఫోను అక్కడే పెట్టేసి ఆటలకి పోయేవారు. ద్రాక్షారామంలో తన వంటింటి గట్టు మీద, పప్పు డబ్బాకి ఫోను ఆనించి చెప్పే ఆవిడ క్లాసులో మాత్రం అందరూ ఉండేవారు.

ఆవిడ హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనకూడదు. ఇంట్లో ఆ పూట కూరేంటో చెప్పాలి. మా బడిలో సగం చేపల వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. "రొయ్యలండి" అంటే పడవకి వేట పడినట్టు. వరసగా మూడు రోజులు "పచ్చడండి" అన్న పిల్ల ఇంటికి మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసేవారు.

బడి తెరిచాక స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగాను. "అది పాఠమా అండీ, వంటల ప్రోగ్రామా?"

ఆవిడ నవ్వారు. "కూర పేరు చెప్పిన నోరు రేపు డౌటు కూడా అడుగుద్దండి మాస్టారూ."

ఆ తర్వాత కూడా వానలకి బడి మూస్తే ఫోను క్లాసులే. ఓసారి నా క్లాసు జరుగుతుండగా, అందులో ఉండాల్సిన మా అమ్మాయి, మా బడిలోనే చదువుతోంది లెండి, పక్క గదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వేరే సెక్షనుకి ఆవిడ చెబుతున్న లెక్కలు వింటోంది. నాన్న పాఠం చేదా అని అడిగాను.

"నువ్వు చెప్తావు నాన్నా. ఆవిడ అడుగుతారు," అంది.

వారం రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. ఆవిడ మాత్రం రోజూ తన క్యారేజీ గిన్నె నా వైపు జరిపి, "మీ ఇంట్లో ఏంటండి ఈ పూట?" అనేవారు. ఒక్కనాడూ సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని ఉంది.

మొన్న మళ్ళీ వానలకి సెలవిచ్చారు. ఆవిడ పదో తరగతి ఫోను క్లాసు హెడ్మాస్టారు నాకు అప్పగించారు. ఇన్నేళ్ళకి అందరూ నా క్లాసులో ఉన్నారు. హాజరు పిలిచాను. మొదటి నంబరు పిల్ల "ఎండు రొయ్యలండి" అంది. తర్వాతి పిల్ల "ఎండు మెత్తళ్ళండి" అంది. వానలకి వేట లేక అన్నీ ఎండు చేపలే. ఒక్కరూ "ప్రెజెంట్" అనలేదు. ఆ హాజరు నాకు కాదు. పోయిన మనిషి మీద మళ్ళీ కుళ్ళొచ్చింది.

చివరి నంబరు మా అమ్మాయిది.

"మా ఇంట్లో ఇంకా ఏం వండలేదండి," అంది. ఆ మాట ముందు పక్క గదిలోంచి వినపడింది, క్షణమాగి ఫోన్లోంచి.